ఎడమ పక్క తంగేడు

నల్గొండలో పెద్దింజినీరు బంగళా ఎక్కడని ఆ రోజుల్లో ఎవరినడిగినా, "గా గడ్డి బంగళానా?" అని ఎదురు అడిగేవాళ్లు. అడగరూ మరి! ఊరు ఊరంతా గుండ్లూ దుమ్మూ అయిన చోట, ఎండాకాలం వస్తే కుక్కలు కూడా నీడ కోసం కొట్లాడుకునే చోట, ఆ ఒక్క గేటు లోపల మాత్రం పావెకరం పచ్చిక రగ్గు పరిచినట్టు మెత్తగా ఉండేది. ఆ గడ్డి వహీద్‌ది. కాగితాల్లో సర్కారుదని ఉంటే ఉండనివ్వండి. పిలక పిలకా నాటి, మిషను నెట్టి నెట్టి కత్తిరించి, పదహారేళ్లు దాన్ని సాకినవాడు వహీద్. దాని మీద ఎవరైనా చెప్పుకాలు పెడితే తన కడుపు మీద తొక్కినట్టు విలవిల్లాడిపోయేవాడు.

ఆ పదహారేళ్లూ అతను మస్టర్ రోల్ మీది రోజుకూలీ మాలీయే. పనికి వచ్చిన రోజు మనిషి ఉన్నట్టు, రాని రోజు లేనట్టు. తొంభై నాలుగులో, ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లను పర్మినెంటు చేస్తారని కబురు పుట్టింది. కబురు కాదు, నిజమే. వహీద్ పేరు మీద ఒక ఫైలు కూడా లేచింది. అందులో అతని పేరుకు ఎదురుగా, చేసే పని అన్న గడిలో, "లాన్ పోషణ" అని రాసి ఉందని ఆఫీసు గుమాస్తా చదివి వినిపించాడు. ఆ రెండు మాటలనూ వహీద్ ఇంటికొచ్చి భార్య హనీఫాకు నాలుగైదు సార్లు చెప్పాడు. పెద్దింజినీరు ఆ మాట నిజమేనని రాసి, దస్కతు చేసి, ఆషాఢం దాటకుండా హైదరాబాదుకు పంపాలి. అంతే. యాభై మూడేళ్ల వయసులో వహీద్ నౌకరి ఖాయమవుతుంది.

ఇదిగో, సరిగ్గా అప్పుడే సావిత్రమ్మ వచ్చింది.

సావిత్రమ్మ కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దింజినీరు యాదగిరి సారు భార్య. పుట్టిల్లు కొత్తకోట పక్కన పల్లె. నలభై అయిదేళ్ల మనిషి, గలగలా మాట్లాడుతుంది, కోపం వస్తే అంతే గలగలా తిడుతుంది. వచ్చిన మూడో రోజున వరండాలో నిలబడి పచ్చికను అటూ ఇటూ చూసింది. బోరు గాలి కక్కుతోంది. పొద్దున గంటసేపు వచ్చే నీళ్లు సగం ఇంట్లోకి, సగం గడ్డికి.

"వహీద్, నీకు బర్రె ఉన్నదా?"

"లేదమ్మా."

"మేక?"

"లేదమ్మా."

"మరి గింత గడ్డి ఎవరు తినాలె? సారా?"

వహీద్ నవ్వాడు. అమ్మగారు పరాచికాలాడుతోందనుకున్నాడు. ఆమె పరాచికాలాడటం లేదు.

"గిదంత తవ్వేద్దాం. మన దిక్కు చెట్లు పెడదాం. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు, గా మూలకు వావిలి, గీ మూలకు గోరింట. నీళ్లు పోసినా బతుకుతయి, పొయ్యకున్నా బతుకుతయి. బతుకమ్మకు బజార్ల తంగేడు పువ్వు కొనుక్కొస్తున్నం, సిగ్గు లేదు మనకు! మీదటేడు పండుగకు నా ఇంటి ముందటి పువ్వే కొయ్యాలె."

తక్కిన మాటలన్నీ వహీద్ చెవి పక్కనుంచి పోయాయి. "పొయ్యకున్నా బతుకుతయి" అన్న ఒక్క మాట మాత్రం గుండెలో దిగబడింది. నీళ్లు పోయనక్కర లేని తోటకు మాలి ఎందుకు? లాన్ లేని బంగళాలో లాన్ పోషణ అని సారు ఏమని రాస్తాడు? పదహారేళ్లు ఓపిక పట్టి, ఒడ్డు చేరే ముందు పడవకు చిల్లి పడ్డట్టుంది అతని పని. నోరు తెరిచి ఆ మాట అడిగితే అయిపోయేది. అడగలేదు. పెద్దవాళ్లను అడగకపోవడమే మర్యాద అనుకుని బతికిన మనిషి. "అట్లనే అమ్మా" అన్నాడు, తల ఊపాడు, పోయి గడ్డపార తెచ్చుకున్నాడు.

తన చేత్తో నాటిన గడ్డిని తన చేత్తోనే పెకిలించాడు. నాలుగు రోజులు పట్టింది. అరచేయంత గడ్డిముక్కను ఇంటికి తెచ్చుకుని ఖాళీ డాల్డా డబ్బాలో పెడితే, హనీఫా మూతి విరిచింది. "అజీ, గడ్డిని గూడ డబ్బల పెట్టి సాదుతరా ఎవరన్న? ఇంగ దీనికి పేరు గూడ పెట్టు!" వహీద్ మాత్రం పొద్దున లేవగానే గ్లాసెడు నీళ్లు ఆ డబ్బాలో పోశాడు.

తంగేడు గింజలు తెచ్చింది జానమ్మ. బంగళా ఊడ్చే మనిషి. గుట్ట అవతలి పల్లె నుంచి నడిచి వస్తుంది. ఆమె మొగుడు గుర్వయ్య ఆరేళ్ల కింద బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల కూలి చనిపోయాడు. అప్పటినుంచి పొద్దున ఈ బంగళా, మధ్యాహ్నం పక్క బంగళా ఊడ్చి బతుకుతోంది. తంగేడు మాట వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. మర్నాడే గుట్ట మీది పొదల నుంచి ఎండుకాయలు కొంగు నిండా కోసుకొచ్చి, వరండా మెట్ల మీద కూర్చుని ఒలిచింది. గింజలు గోధుమరంగులో, నున్నగా, రాయిలా గట్టిగా ఉన్నాయి.

"సూడు వహీదన్నా, మా గుట్టను పీకి నీ కాడికి తెచ్చిన" అంది నవ్వుతూ.

వాళ్లిద్దరికీ మంచి సఖ్యత. అతను తెచ్చుకున్న చాయ్‌లో ఆమెకు సగం. ఆమె తెచ్చిన జొన్నరొట్టెలో అతనికి సగం. జ్వరమొచ్చి అతను రాని రోజుల్లో గడ్డికి నీళ్లు పెట్టి, వచ్చాడని గుమాస్తాతో చెప్పింది కూడా జానమ్మే. ఇది గుర్తు పెట్టుకోండి, వహీద్‌కు మాత్రం ఆ రోజు గుర్తు రాలేదు.

సావిత్రమ్మ గింజల్ని రెండు వాటాలు చేసింది. గేటు నుంచి మెట్ల దాకా దారికి రెండు పక్కలా రెండు వరుసలు. కుడి పక్క వహీద్ వేయాలి. "ఎడమ దిక్కు నువ్వెయ్యి జానమ్మా, తెచ్చినదానివి నువ్వే గద" అంది. జానమ్మ అక్కడికక్కడే చాలు గీసి, తొలకరి తడిలో గింజలు చల్లి, మట్టి కప్పి, దణ్ణం పెట్టుకుంది.

వహీద్ తన వాటాను రుమాలులో మూటగట్టుకున్నాడు. "ఏరి సాఫ్ చేసి రేపు తెస్తనమ్మా" అన్నాడు.

ఇంటికి పోయేసరికి హనీఫా పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు పెట్టింది. నీళ్లు సళసళా కాగి తెర్లుతున్నాయి. వహీద్ రుమాలు విప్పి గింజల్ని గిన్నెలో పోసి, ఆ తెర్లే నీళ్లన్నీ వాటి మీద కుమ్మరించాడు.

"అయ్యో, చాయ్ నీళ్లు గవి! ఏం చేస్తున్నవ్?"

"పురుగు పట్టినయి. సాఫ్ చేస్తున్న."

అబద్ధం. చంపుతున్నాడు. ఉడికిన గింజ మొలవదని ఎవరికి తెలియదు? తను వేసిన వరుస మొలవదు. గునుగూ బంతీ వేసే వేళకు ఇంకేదో చేయవచ్చు. దారికి ఒక పక్క నేల అట్లా బోసిగా ఉంటే, వచ్చేపోయే అధికార్ల ముందు సిగ్గనిపించి అమ్మగారే గడ్డి పెట్టమంటుంది. ఇదీ అతని లెక్క. వహీద్ జీవితమంతా గడ్డి పిలకలు నాటాడు, క్రోటన్ కొమ్మలు గుచ్చాడు, గులాబీకి అంట్లు కట్టాడు. గుట్ట మీది అడవి గింజ ఎట్లా మొలుస్తుందో అతనికి తెలియదు, తెలుసుకునే అవసరం ఎన్నడూ పడలేదు. నీళ్లలో గింజలు నెమ్మదిగా ఉబ్బుతుంటే చూడలేక మూత పెట్టాడు. పాపం చేస్తున్నానని తెలిసే చేశాడు. తన కడుపు, హనీఫా కడుపు, ఆ ఫైలు తప్ప ఇంకేదీ కళ్ల ముందు నిలవలేదు.

మర్నాడు ఆ ఉడికిన గింజల్ని కుడి పక్క చాలులో వేసి, అందరూ చూస్తుండగా ఎంతో భక్తిగా మట్టి కప్పాడు.

ఎనిమిదో రోజు పొద్దున గేటు తీసి లోపలికి వచ్చినవాడు అక్కడే నిలబడిపోయాడు.

కుడి పక్క వరుస మొత్తం మొలిచింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా జంట ఆకులు విప్పుకుని, లెక్కపెట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఎడమ పక్కన ఏమీ లేదు. ఉత్త మట్టి. వహీద్‌కు నమ్మబుద్ధి కాలేదు. యా అల్లా, చచ్చినవి లేచి వచ్చాయా?

సావిత్రమ్మ వరండాలోంచి పరుగున వచ్చింది. "శెబ్బాష్ వహీద్! చెయ్యంటే గది! ఇగో, జర బయటికి రాండ్రి, వహీద్ చెయ్యి సూడుండ్రి!" యాదగిరి సారు పేపరు మడిచి, చూసి, "బాగుంది" అని లోపలికి పోయాడు. ఆయన మాటలు అంతే, కొలిచి పోసినట్టుంటాయి.

జానమ్మ చీపురు పట్టుకుని తన వరుస దగ్గరే నిలబడింది. "నావి గూడ వస్తయిలే అమ్మా. ఒక్కో గింజ ఒక్కో తీరు" అంది. రెండు వారాలు చూసింది. గుట్టకు పోయి మళ్లీ తెచ్చి మళ్లీ వేసింది. మళ్లీ ఏమీ రాలేదు.

ఒకే పొద, ఒకే కాయ, ఒకే మట్టి, ఒకే వాన. తేడా ఏముంది? చేతులు. ఆ మాట మొదట అన్నది పక్క బంగళా పుష్పమ్మ. గోడ మీదుగా తొంగి చూసి, "మొగుడు పోయిన మనిషితోని ఇత్తనం ఏపిచ్చినవా సావిత్రమ్మా? ఇంగేం మొలుస్తది?" అంది. సావిత్రమ్మ అప్పుడు ఆమెను కసిరింది. "ఏం మాటలవి, ఏ కాలంల ఉన్నవ్?" అంది. కానీ కసిరిన మాట గాలికి పోయింది, విన్న మాట చెవిలో ఉండిపోయింది. పొద్దున లేచి చూస్తే కుడి పక్క పచ్చగా, ఎడమ పక్క బోసిగా. రోజూ అదే కనిపిస్తుంటే మనసు ఎన్నాళ్లని కొట్లాడుతుంది?

ఒకనాడు అంది: "జానమ్మా, నువ్వు గా మడుల దిక్కు పోకు. అందరి చెయ్యి ఒక్క తీరుగ ఉండదు." ఇంకోనాడు అంది: "సార్ ఆఫీసుకు పోయినంక ముందట ఊడువు. పొద్దుగాల ఎనుక దిక్కు చేసుకో." పుష్పమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆ ఇంట్లో జానమ్మను మధ్యాహ్నం పనికి అసలు రావద్దన్నారు.

జానమ్మ అన్నిటికీ "సరేనమ్మా" అంది. వహీద్ ఇచ్చిన సగం చాయ్ మాత్రం తాగడం మానేసింది. "నా ఎంగిలి గిట్ల నీ చేతికి అంటుతదేమో అన్నా, మంచి చెయ్యి" అంది. ఎత్తిపొడుపో, నిజంగా భయపడే అందో అతనికి తెలియలేదు. ఏదైతేనేం, ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పటికే అతనికి ఒక అనుమానం పట్టుకుంది. రుమాలు మడతల్లో చిక్కుకుని మిగిలిన గింజలు పదో పన్నెండో ఉన్నాయి. సగం మీద తెర్లే నీళ్లు పోశాడు, సగం ఉత్తగా ఉంచాడు. రెండింటినీ వేరు వేరు తడిగుడ్డల్లో చుట్టి గూట్లో పెట్టాడు. అయిదో రోజు విప్పి చూశాడు. వేడి తగిలిన గింజలన్నీ తెల్లటి మొలక పెట్టాయి. ఉత్తవి రాళ్లలా అట్లాగే ఉన్నాయి. గోటితో గీరితే గోరు జారింది. ఆ పెంకు అంత గట్టిది. వేడినీళ్లకు అది చిట్లితేనే లోపలికి తడి పోతుంది. చంపడానికి పోసిన నీళ్లే వాటికి దారి తీశాయి.

హనీఫా పక్కన నిలబడి రెండు గుడ్డలూ చూసింది. పిచ్చిది కాదు, చాయ్ నీళ్ల సంగతి మరిచిపోలేదు.

"పురుగు కాదు గద అది" అంది.

"కాదు."

"పాపం జానమ్మను అందరు ఏమేమో అంటున్నరు. నువ్వు పోయి చెప్పు."

"చెప్తే నౌకరి పోతది హనీఫా. దస్కతు ఇంకా కాలే."

హనీఫా డాల్డా డబ్బా చూపించి, "దీనికి నీళ్లు పోసినవా ఇయ్యాల?" అని అడిగి లోపలికి పోయింది. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆషాఢం ఆఖరి వారంలో, సోమవారం నాడు సారు ఫైలు చూస్తాడని గుమాస్తా చెప్పాడు. ఆ సోమవారమే పొద్దున సావిత్రమ్మ జానమ్మను మెట్ల దగ్గరికి పిలిచింది. పిలిచి, ముఖం చూడకుండా, తలుపు గొళ్లెం వైపు చూస్తూ చెప్పింది.

"శ్రావణం వస్తున్నది. ఇంట్ల నోములు, పూజలుంటయి. ఇంకో మనిషిని మాట్లాడిన జానమ్మా. రేపటి సంది నువ్వు రాకు. ఏమనుకోకు."

కుడి పక్కన జానెడెత్తు పెరిగిన తంగేడు మొక్కల దగ్గర వహీద్ కలుపు తీస్తున్నాడు. చేయి ఆగిపోయింది.

జానమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. చీపురు గోడకు ఆనించింది. పోయి తన వరుస దగ్గర కూర్చుని వేలితో మట్టి తవ్వింది. రెండు గింజలు, నాలుగు గింజలు, వరుస పొడుగునా తవ్వుతూ దోసెట్లోకి ఏరుకుంది. అన్నీ వేసిన నాటిలాగే నున్నగా మెరుస్తున్నాయి.

"సూడన్నా" అంది వహీద్‌తో. "కుళ్లనన్న కుళ్లలే. మొలువయి, సావయి. నా లెక్కనే ఉన్నయి."

వహీద్ లేచాడు. ఏం చేయబోతున్నాడో తనకే సరిగ్గా తెలియదు. మెట్లెక్కి సావిత్రమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, జర చెంబెడు తెర్లే నీళ్లు ఇయ్యుండ్రి" అన్నాడు. సావిత్రమ్మ ఆశ్చర్యపోయి, వంటింట్లోకి పోయి, పొగలు కక్కే చెంబు గుడ్డతో పట్టుకుని తెచ్చి ఇచ్చింది. అతను జానమ్మ దోసెట్లోని గింజల్ని వరండాలోని ఒక మట్టి మూకుట్లోకి ఒంపించి, ఆ నీళ్లు వాటి మీద పోశాడు.

"ఏం చేస్తున్నవ్ వహీద్? ఉడుకబెడుతున్నవా?"

"గట్లనే మొలుస్తయమ్మా. కుడి దిక్కు గింజలకు నేను గిట్లనే పోసిన. వీటి పెంకు గట్టిది. ఉడుకు నీళ్లు తగులకుంటే తొందరగ మొలువయి. జానమ్మ చేతిల ఏం లేదు."

అనేసి ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతే చాలుననుకున్నాడు. చూడండి, మనిషి ఆశ! నిజంలో సగం చెప్పి, జానమ్మనూ దక్కించి, నౌకరినీ దక్కించుకుందామనుకున్నాడు. సావిత్రమ్మ ముఖంలో సంతోషం లాంటిది రాబోయింది కూడా. వచ్చి, సగంలో ఆగిపోయింది.

"మరి గీ ముచ్చట ఆమెకు గప్పుడే ఎందుకు చెప్పలే?"

వహీద్ చెంబు కింద పెట్టాడు.

"రెండోసారి తెచ్చి ఏసినప్పుడన్న చెప్పద్దా? నేను గిన్ని మాటలు అంటుంటే పక్కకే ఉన్నవ్ గదా! విని ఊకున్నవా?"

జానమ్మ కూడా తల ఎత్తి అతని వంకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, అదే వచ్చిన చిక్కు. వహీదన్న ఏదో మంచి కారణమే చెప్తాడని ఇంకా ఎదురుచూస్తోంది. ఆ చూపు ముందు ఇంకో అబద్ధం అతని నోటికి రాలేదు.

"నాకప్పుడు ఎరుక లేదమ్మా. మొలువాల్నని పొయ్యలే. సంపనీకె పోసిన."

సావిత్రమ్మకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాడు. ఫైలు సంగతి, ఆ గడిలోని రెండు మాటలు, నీళ్లక్కర లేని తోటకు మాలి ఎందుకంటారని పట్టుకున్న భయం, చాయ్ నీళ్లు, తడిగుడ్డలు, అన్నీ. చెప్పడం అయ్యాక తల దించుకుని చెంబు వైపు చూస్తూ నిలబడ్డాడు.

సావిత్రమ్మ మెట్టు మీద కూలబడినట్టు కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. ముందు తిట్టలేదు.

"ఒక్క మాట అడుగకపోతివి. లాన్ అని కాకుంటే తోట అని రాయిపిచ్చేదాన్ని. నేను చెప్తె సార్ రాయకపోవునా?" అంది. తర్వాత గొంతు పెరిగింది. "గాలికి తిరిగే పుష్పమ్మ అంటే అన్నది. నా నోటితోని అనిపిచ్చినవ్ గదర! మొగుడు పోయి, చీపురు పట్టుకొని బతుకుతున్న మనిషిని, దాని చెయ్యి మంచిది కాదని నేనన్న. నేను! రేపు రావద్దన్న! గింజలు సంపితె సంపినవ్ పో. నన్నెందుకు గిట్ల చేసినవ్?"

కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి ధన్‌మని తలుపు వేసుకుంది. తన మీద తనకు పుట్టిన సిగ్గు అంతా కోపమై వహీద్ మీద పడింది. దాన్ని ఇంక దించుకోవడం ఆమె వల్ల కాలేదు.

మిగిలింది ఇద్దరు. మూకుట్లో నీళ్లు చల్లారుతున్నాయి. జానమ్మ నీళ్లలో వేలు పెట్టి చూసి అంది.

"నేను దణ్ణం పెట్టి ఏసిన, రాలే. నువ్వు సావాల్నని ఏసినవ్, వచ్చినయి. గిదేం న్యాయం అన్నా?"

"జానమ్మా, నన్ను..."

"వద్దు. ఏం చెప్పకు." మూకుడు ముందుకు లాక్కుని, చల్లారిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి, తన చాలులో తనే వేసుకుంది. మట్టి కప్పింది. ఈసారి దణ్ణం పెట్టలేదు.

సాయంత్రం సారు పిలిపించాడు. బల్ల మీద ఫైలు విప్పి ఉంది.

"వహీద్, ఇందులో లాన్ పోషణ అని ఉంది. లాన్ లేదు. లేనిదాన్ని ఉందని ఎట్లా రాయను?"

అంతే అన్నాడు. సావిత్రమ్మ ఆయనకు ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో వహీద్ అడగలేదు. అడిగే ముఖం ఎక్కడుంది? ఫైలు దస్కతు లేకుండానే వెనక్కి పోయింది. వచ్చే వారం నుంచి బంగళాకు మాలి అవసరం లేదని గుమాస్తా చెప్పాడు. చెప్పేటప్పుడు పాపం అతనూ తల వంచుకున్నాడు. ఇంట్లో హనీఫా మాత్రం, "పోతే పోయింది, ఇయ్యాలన్న కడుపు నిండ తిను" అని కంచం ముందు పెట్టింది. వహీద్ ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. పదహారేళ్లు పనిచేసిన మనిషిని ఒక్క మాటతో చెరిపేశారని ఏడ్చాడు. ఆ మాట ఎవరి మూలంగా వచ్చిందో తెలిసి ఇంకా ఏడ్చాడు.

తొమ్మిదో రోజున గడ్డి మిషనూ కత్తెర్లూ అప్పజెప్పడానికి మళ్లీ బంగళాకు పోయాడు. సామాను కొట్టం దగ్గర గుమాస్తాకు ఇచ్చేసి, వెనక గేటు నుంచే పోదామనుకున్నాడు. కాళ్లు ముందుకే లాగాయి.

ఎడమ పక్క వరుస మొలిచింది. మొలిచిన నాటి కుడి పక్కదానికి తక్కువేమీ కాదు. జానమ్మ ముందు వాకిలే ఊడుస్తోంది, పొద్దున పూటే, సారు ఇంకా ఆఫీసుకు పోకముందే. రావద్దన్న సావిత్రమ్మే మళ్లీ కబురు పెట్టి పిలిపించుకుంది. పక్క బంగళావాళ్లు మాత్రం పిలవలేదు. పుష్పమ్మ కోడలికి పురుడు అయ్యేదాకా పిలవరు, ఆ తర్వాత కూడా పిలుస్తారో లేదో.

ఆమె అతన్ని చూసింది. పలకరించలేదు. చీపురు ఆపి, బకెట్టు తెచ్చి, మొలకల దగ్గర పెట్టింది. అక్కడే నిలబడింది. ఆమెకు గుట్ట మీది తంగేడు తెలుసు కానీ, వాకిట్లో పెంచే తంగేడు తెలియదు. అడగాలని ఉంది, అతన్ని అడగాలని లేదు. చివరికి మొలకల వైపే చూస్తూ అడిగింది.

"వీటికి ఎన్ని నీళ్లు పొయ్యాలె?"

ఈ తోటలో అతన్ని ఎవరైనా అడిగే ఆఖరి మాట అది. పొద్దునా సాయంత్రం పోయమని చెప్పవచ్చు, మూడు రోజులకోసారి మాలి వచ్చి చూడాలని చెప్పవచ్చు. ఆమె నమ్ముతుంది. ఇంకా నమ్ముతుంది.

"పొయ్యకు" అన్నాడు. "ఇంగ వీటికి ఎవ్వరు అక్కర లేదు."

జానమ్మ బకెట్టు ఎత్తుకుని ఇంటి వెనక్కి పోయింది. వహీద్ గేటు దగ్గరగా వేసి, గొళ్లెం పెట్టి, బయటికి నడిచాడు.